సచ్చినోడుబండ దగ్గర తెల్లవారింది

చెట్టు కొట్టే పనికి మొదటిసారి కూలికి పోయిన రోజు మా కాక నాకు నేర్పింది ఒక్కటే మాట. "కొడుకా, గొడ్డలి దిక్కు సూడకు, చెట్టు కొన దిక్కు సూడు" అన్నాడు. కొత్తవాడి కళ్లెప్పుడూ గాటు మీదే ఉంటాయి. పెళ్ల ఎంత ఎగిరింది, కోత ఎంత దిగింది అనే చూస్తుంటాడు. చెట్టు పడబోయే సంగతి ముందు కొనలోనే తెలుస్తుంది. గాలి లేకుండానే చిటారు కొమ్మ ఒకసారి కదులుతుంది. ఆ తర్వాతే బోదెలో నార తెగే చప్పుడు వినబడుతుంది. ఆ రెండింటి మధ్య ఉండే సందు చాలా చిన్నది. పని తెలిసినవాడు ఆ సందులోనే గొడ్డలి వదిలేసి పక్కకు తప్పుకుంటాడు.

అది దంతాలపల్లికి దగ్గర్లోని ఒక చింత. వరంగల్ నుంచి తొర్రూరు మీదుగా ఖమ్మం పోయే రోడ్డుకు కాస్త లోపల ఉండేది. చేను పనికి వచ్చే కూలికి రెండింతలు ఇస్తామంటే పోయాను. బోదె కోత మిల్లుకు, కొమ్మలు ఇటుక బట్టీకి పోతాయన్నారు. అంతకు మించి నాకేమీ తెలియదు. ఎవరి చెట్టని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

చెట్టు ఎటు వాలిందో చూసి ఆ వైపు ముందుగా ఒక గాటు పెట్టాలి. తర్వాత వెనక నుంచి, దానికి కొంచెం ఎత్తులో రెండో కోత వేయాలి. రెండు కోతలూ కలిసేదాకా కొట్టకూడదు. నడుమ కాస్త కట్టె వదిలితే అది తలుపుకు బందు పనిచేసినట్టు చెట్టును పట్టుకుని, మనం అనుకున్న దిక్కుకే మెల్లగా వంచుతుంది. పైన కొమ్మకు మోకు కట్టి నలుగురు దూరం నుంచి లాగుతుంటారు. పారిపోవలసిన దారిని ముందే రాళ్లు, కంప ఏరేసి ఉంచుకోవాలి. ఆ దారి నేరుగా వెనక్కి కాదు, ఏటవాలుగా ఉండాలి, ఎందుకంటే పడే చెట్టు ఒక్కోసారి మొదలు నుంచి వెనక్కి తంతుంది. ఇవన్నీ కాక చెప్పాడు. నేను తల ఊపాను. బలం ఉందన్న ఉత్సాహంతో ఆ నడుమ వదలాల్సిన కట్టెను కూడా కొట్టేశాను. చెట్టు మోకు మాట వినలేదు, ఒక పక్కకు తిరిగి పడింది. ఒక కొమ్మ కాక భుజాన్ని రాసుకుంటూ పోయింది. ఆ చెయ్యి ఆయనకు మళ్లీ తల మీదికి లేవలేదు.

ఆ మధ్యాహ్నమే ఎవరో వచ్చి కాయితం అడిగారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకాలంటే అనుమతి ఉండాలని నాకు ఆ రోజే తెలిసింది. మమ్మల్ని పనికి పిలిచిన మనిషి అప్పటికే అక్కడ లేడు. ట్రాక్టరు కూడా లేదు. ఉన్నది మేము ఆరుగురం, మూడు గొడ్డళ్లు, ఒక రంపం. దీపాలు పెట్టే వేళదాకా ఒక వరండాలో కూర్చోబెట్టి పేర్లు రాసుకుని, మందలించి ఇంటికి పంపారు. కాక ఆ మూడు గంటలూ భుజం పట్టుకునే కూర్చున్నాడు. ఆయన చెయ్యి పోవడానికి కారణం నేను. ఇన్నేళ్లయినా ఆ మాట అనుకోకుండా గొడ్డలి ముట్టలేదు.

ఇదంతా నా గోడు చెప్పుకోవడానికి రాయడం లేదు. 2015 ఏప్రిల్ 8 పొద్దున పత్రిక విప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ వరండా. అందుకే ఇక్కడి నుంచి మొదలుపెట్టాను.

అప్పటికి దంతాలపల్లి ఇంకా మండలం కాలేదు. మహబూబాబాద్ జిల్లా కూడా లేదు. వరంగల్ జిల్లా నర్సింహులపేట మండలంలో మాదొక ఊరు. ఆ రోజు పత్రికల్లో పెద్ద వార్తలు రెండు. వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను జనగామ, ఆలేరు మధ్య పోలీసులు కాల్చి చంపారన్నది ఒకటి. శేషాచలం అడవిలో ఎర్రచందనం నరుకుతున్న 20 మంది కూలీలను కాల్చి చంపారన్నది రెండోది. రెండూ ఒకే రోజు, ఏప్రిల్ 7న జరిగాయి. హోటల్ దగ్గర అందరూ మొదటిదే మాట్లాడుకున్నారు, మనం పోయే వచ్చే రోడ్డు కాబట్టి. నేను రెండోదాని దగ్గరే ఆగిపోయాను. ఫొటోలో రాళ్ల నేల మీద మనుషులు పడి ఉన్నారు, వాళ్ల పక్కన దుంగలు ఉన్నాయి. వాళ్ల కాళ్లు చూశాను. అవి కూలీల కాళ్లే.

తిరుపతి దగ్గర చంద్రగిరి వైపు, శ్రీవారి మెట్టుకు చేరువలో, అడవిలో రెండు చోట్ల అది జరిగింది. ఒక చోటు పేరు ఈతగుంట. రెండోదాని పేరు సచ్చినోడుబండ. ఎప్పుడో ఎవరో చచ్చిపోతే పశువుల కాపరులు పెట్టుకున్న పేరై ఉంటుంది. ఒక దగ్గర 9 మంది, ఇంకో దగ్గర 11 మంది చనిపోయారు. అప్పుడప్పుడే తెల్లవారుతోంది.

చనిపోయినవాళ్లలో 12 మందిది తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా, ఏడుగురిది ధర్మపురి, ఒకరిది సేలం. జవ్వాది కొండలు, సిత్తేరి కొండలు, పడవేడు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు. చాలామంది మలయాళీ అనే గిరిజన తెగవాళ్లు. కేరళకు దీనికి సంబంధం లేదు, మలై అంటే కొండ, వాళ్లు కొండ మనుషులు. వానాధారం మీద సామలు, కొర్రలు పండించుకుని, మిగతా నెలలు మేస్త్రీ పనికో తోటల పనికో వలసపోయే జనం. మన దగ్గర తండాల నుంచి ఎండాకాలం పట్నం అడ్డాల మీదికి పోయే వాళ్లను తలుచుకుంటే వాళ్లెవరో తెలుస్తుంది. భాష ఒక్కటే వేరు.

ఎర్రచందనం కోతకు వాళ్లనే ఎందుకు పిలుస్తారంటే ఆ కొండల్లో తరతరాలుగా చెట్టు మర్మం తెలిసినవాళ్లున్నారు. ఎర్రచందనం అన్ని చెట్ల లాంటిది కాదు. ప్రపంచం మొత్తం మీద మన తూర్పు కనుమల దక్షిణ కొసనే, కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు వైపు కొండల్లోనే అది సహజంగా పెరుగుతుంది. రాతినేల, తక్కువ వాన, మండే ఎండ దానికి కావాలి. చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. ఆ చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. బయట తెల్లటి కట్టె ఉంటుంది, దానికి ధర లేదు. కొట్టినవాడు అడవిలోనే కూర్చుని గొడ్డలితో ఆ తెలుపంతా చెక్కేసి, ఎర్రటి దుంగను మాత్రం మిగల్చాలి. గొడ్డలి ఒక్క వేలెడు లోపలికి దిగినా సరుకు పాడవుతుంది. ఇది చేతులకు అలవాటైన పని. అది రానివాడు, కొత్తగా వచ్చినవాడు, దుంగలు మోస్తాడు. రాత్రిళ్లు, దీపం లేకుండా, మైళ్ల కొద్దీ కొండ దిగుతూ మోస్తాడు.

చీనాలో రాజుల కాలం నుంచి ఈ రకం ఎర్ర కట్టెతో చేసిన కుర్చీలు, పెట్టెలు ఘనత. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి దీన్ని వాడతారు. చేవలో అలల్లాంటి గీతలుంటే ధర ఇంకా పెరుగుతుంది. 1995లోనే అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాలోకి ఈ చెట్టు ఎక్కింది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. పట్టుకున్న దుంగలను ప్రభుత్వమే వేలం వేస్తే టన్నుకు లక్షల రూపాయలు వస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ దుంగ మోసేవాడికి తెలియదు. ఆ చింత ఎవరిదో నాకు తెలియనట్టే.

అడవిలో అంతకుముందు జరిగినదీ చెప్పాలి. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను నరుకుడు కూలీల గుంపు దారుణంగా కొట్టి చంపింది. వాళ్లూ ఇంట్లో పిల్లలు ఎదురుచూసే మనుషులే, చేస్తున్నది తమ ఉద్యోగమే. ఆ చావుల మీద వచ్చిన కోపం న్యాయమైనదే. ఆ తర్వాతే ఎర్రచందనం స్మగ్లింగ్‌ను అరికట్టడానికి ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ వచ్చింది, తుపాకులు వచ్చాయి, వందల మంది తమిళ కూలీలు జైళ్లకు పోయారు. ఆ కేసులో నిందితులుగా ఏళ్ల తరబడి లోపల ఉన్నవాళ్లను తిరుపతి కోర్టు 2016లో నిర్దోషులుగా వదిలేసింది. చంపినవాళ్లెవరో తేలలేదు. ఆ ఇద్దరు అధికారుల కుటుంబాలకూ న్యాయం దక్కలేదు.

ఏప్రిల్ 7 సంగతి పోలీసులు చెప్పింది ఇదీ. వందమందికి పైగా కూలీలు దుంగలు మోసుకొస్తుంటే ఎదురయ్యాం, లొంగిపొమ్మన్నాం, వాళ్లు రాళ్లతో గొడ్డళ్లతో దాడి చేశారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం.

రెండో కథ బస్సు దగ్గర మొదలవుతుంది. చావు తప్పించుకున్న ముగ్గురు కొద్ది రోజులకే జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకొచ్చి చెప్పిన కథ అది. ముందు రోజు ఊళ్ల నుంచి గుంపుగా బయలుదేరారు. ఇంట్లో చెప్పింది మేస్త్రీ పనికో మరో కూలికో పోతున్నామని. వాళ్లలో ఒకాయన బస్సులో ఒక ఆడమనిషి పక్కన కూర్చున్నాడు. నగరి దగ్గర బస్సు ఆపి మిగతావాళ్లను దింపుకుపోతున్నప్పుడు, ఆమెతో కలిసి వచ్చిన మనిషి అనుకుని ఆయన్ని వదిలేశారట. ఇంకొకతను దారిలో మందు దుకాణానికి పోయి గుంపు నుంచి తప్పిపోయాడు. ఆ గుంపులో అతని తండ్రి ఉన్నాడు. మరునాడు చనిపోయినవాళ్లలో ఆ తండ్రి ఉన్నాడు. మూడో మనిషి పట్టుబడ్డాక పారిపోయి బతికాడు.

చాలా రోజులు నన్ను పట్టుకుని వదలనిది ఆ ఆడమనిషి పక్క సీటే. దంతాలపల్లిలో బస్సెక్కితే మనం ఎక్కడ కూర్చుంటాం? ఖాళీ ఉన్న చోట. ఆడవాళ్లు పక్కన కూర్చోవద్దంటే లేచి నిలబడతాం. ఆమె ఆ రోజు అలా అనలేదు. ఒక ప్రాణం అంత చిన్న దాని మీద నిలబడింది. ఆమె ఎవరో, ఆ సంగతి ఆమెకు తెలుసో లేదో.

ఈ ముగ్గురి మాటా నిజమైతే, బస్సులో పట్టుబడ్డ మనుషులు తెల్లవారేసరికి అడవిలో దుంగల పక్కన శవాలుగా ఎలా ఉన్నారన్న ప్రశ్నకు జవాబు కావాలి. అక్కడికి వెళ్లి చూసిన హక్కుల సంఘాలు ఇంకొన్ని అడిగాయి. పక్కన పడి ఉన్న దుంగల్లో కొన్నింటి మీద పాత అంకెలు, రంగు గుర్తులు ఎందుకున్నాయి? అవి తాజాగా నరికినవైతే ఆ గుర్తులెక్కడివి? తూటాలు దగ్గర నుంచి, ఛాతీ పైభాగంలో, ముఖంలో ఎందుకు తగిలాయి? అంత పెద్ద దాడి జరిగితే పోలీసుల్లో ఒక్కరి ప్రాణానికీ ముప్పు రాకపోవడమేమిటి? ఇవి వాళ్లు అడిగినవి. న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలబడి తేలాల్సినవి. నేను తీర్పరిని కాను. కానీ ఒక చెట్టును కూల్చడానికి కాయితం అడిగిన దేశం, 20 మంది మనుషుల విషయంలో అంతకన్నా గట్టి కాయితం చూపించాలి అన్నది నా పట్టు.

తిరుపతి రుయా ఆసుపత్రిలో శవపరీక్షలు చేసి శవాలను సొంత ఊళ్లకు పంపారు. తిరువణ్ణామలై జిల్లాలో ఆరుగురి కుటుంబాలు దహనం చేయబోమని పట్టుబట్టాయి. శవాలను ఆసుపత్రిలో ఉంచి, కోర్టుకెక్కి, రెండోసారి శవపరీక్ష చేయించుకున్నాయి. అప్పటికి ఎండలు ముదిరాయి. కన్నవాళ్లు, కట్టుకున్నవాళ్లు ఆ రోజులన్నీ శవాగారం బయట చెట్టు కింద గడిపారంటే వాళ్లు ఏం కోరుకున్నారో తెలుసుకోవడం కష్టం కాదు. ఏం జరిగిందో ఎవరైనా నిజం చెప్పాలనే. చనిపోయిన ఒకాయన భార్య ఇచ్చిన ఫిర్యాదు మీద చంద్రగిరి స్టేషనులో హత్య కేసు నమోదైంది. మన పౌరహక్కుల సంఘం హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టును ఆశ్రయించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. తమిళనాడు ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 3 లక్షలు ఇచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2015 మే నెలలో సీబీఐ దర్యాప్తు కావాలని, ఒక్కో కుటుంబానికి 5 లక్షల మధ్యంతర సాయం ఇవ్వాలని చెప్పింది. హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. అక్కడి నుంచి ఆ కాగితాలు నడిచిన వేగం, కొండ మీద దుంగ మోసేవాడి నడకకన్నా నెమ్మది.

ఆ ఏడాదే నవంబరులో ఎర్రచందనం స్మగ్లింగ్ కేసుల్లో పేరుమోసిన ఒక నిందితుణ్ణి మారిషస్ నుంచి మన దేశానికి తీసుకొచ్చారు. ఆయన విమానంలో వచ్చాడు. కోర్టుకు హాజరయ్యాడు, వకీలును పెట్టుకున్నాడు. అలాగే జరగాలి. ఏ నిందితుడికైనా చట్టం ఇవ్వాల్సింది అదే. సచ్చినోడుబండ దగ్గర పడి ఉన్నవాళ్లకు కూడా ఇవ్వాల్సింది అదే. వాళ్లు అడవిలోకి చందనం కొట్టడానికే పోయారనుకుందాం. మొత్తం నేరం రుజువైందనే అనుకుందాం. దానికి మన చట్టంలో ఉన్న శిక్ష జైలు. ఉరి కూడా కాదు.

మూడేళ్లు తిరగకుండానే, 2018 ఫిబ్రవరిలో కడప జిల్లా ఒంటిమిట్ట చెరువులో ఐదు శవాలు తేలాయి. వాళ్లూ తమిళనాడు కొండల కూలీలే. ఆ వార్త మా దగ్గరి పత్రికల్లో లోపలి పేజీకి పోయింది.

2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చింది. ఎర్రచందనం కూలీగా మొదలైన ఒకడు ఎదురులేని వాడిగా ఎదిగే కథ. సినిమా బాగా తీశారు, నటుడికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. దాని మీద నాకు తగాదా లేదు. మా పిల్లలు ఆ భుజం ఎగరేసే నడకను వీధిలో అనుకరిస్తుంటే నేను కాక భుజం చూశాను. పైకి లేవని ఆ భుజం. నిజం కూలీ ఎవడూ అలా ఎదగలేదని పిల్లలకు చెప్పబోయి ఆగాను. వాళ్లు సంతోషంగా ఉన్నారు.

కాక ఇప్పుడు లేడు. చెట్టు పనికి పోయేవాళ్లు మాత్రం మా వైపు ఇంకా ఉన్నారు. గొడ్డలి పోయి పెట్రోలు రంపం వచ్చింది. తుమ్మ, వేప, చింత, రోడ్డు వెడల్పు చేస్తే మర్రి, ఏదైనా గంటలో నేలమట్టం. ఎండాకాలం వచ్చిందంటే ఎవరో ఒకరు మోటారు సైకిల్ మీద వచ్చి, రెండింతల కూలి అని, బువ్వ పెడతామని, పదిమంది కావాలని అడుగుతూనే ఉంటారు. అలా పిలుపొచ్చిన తమ్ముళ్లకు ఒక మాట. పోవద్దని చెప్పడానికి నాకు హక్కు లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి. పోయేముందు ఎవరి చెట్టు, ఏ ఊరి అడవి, కాయితం ఎవరి పేరు మీద ఉంది అని అడగండి. పిలిచిన మనిషి చెట్టు పడేదాకా మీ పక్కన ఉంటాడా అని అడగండి. ఇంట్లో ఆడవాళ్లకు ఊరి పేరు చెప్పి వెళ్లండి, జవ్వాది కొండల ఆడవాళ్లకు అది కూడా దక్కలేదు.

ఆ 20 మంది చావుకు ఈ రోజుదాకా ఏ కోర్టూ ఎవరికీ శిక్ష వేయలేదు.